ఆయిషా: పేరు, అర్థం, పుట్టుక

‘ఆయిషా’ అరబ్బీ భాషకు చెందిన స్త్రీ నామం. ‘బ్రతికి ఉన్నది’, ‘జీవించునది’ అని దీని అర్థం. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగువారికి ఈ పేరు క్రొత్తది కాదు. బడిలో తోటి విద్యార్థినిగా, పొరుగింటి అక్కగా, ఆసుపత్రిలో నర్సుగా ఒక ఆయిషా మనకు ఎక్కడో ఒకచోట తారసపడే ఉంటుంది. అయితే ఆ పేరు ఎలా ఏర్పడిందో, మన భాషలో దానికి చుట్టరికమున్న మాటలేవో, చుట్టరికం లేకున్నా ఉన్నట్లు భ్రమింపజేసే మాటలేవో చాలమందికి తెలియదు. ఈ వ్యాసం ఆ మూడు విషయాలను వివరిస్తుంది.

ధాతువు, నిర్మాణం

అరబ్బీలో మాటలు చాలవరకు మూడు హల్లుల ధాతువు నుండి పుడతాయి. ఆ మూడు హల్లులు కదలవు. వాటి నడుమ అచ్చులు మారుతూ, ముందువెనుకల కొన్ని వర్ణాలు చేరుతూ క్రియలు, నామాలు, విశేషణాలు ఏర్పడతాయి. ‘ఆయిషా’కు మూలమైన హల్లులు అయిన్, యా, షీన్. వీటిలో మొదటిదైన ‘అయిన్’ గొంతు లోపలి నుండి పలికే హల్లు. దానికి తెలుగులో అక్షరం లేదు కనుక మనం దాని తరువాతి అచ్చును మాత్రమే వ్రాస్తాము.

ఈ ధాతువుకు ‘బ్రతుకుట’ అని అర్థం. దీని నుండి పుట్టిన కొన్ని మాటలు ఇవి:

ఆష – బ్రతికాడు
యఈషు – బ్రతుకుతాడు
ఐష్ – బ్రతుకు, జీవనం
మఆష్ – జీవనాధారం, బ్రతుకుతెరువు
ఆయిష్ – బ్రతికి ఉన్నవాడు
ఆయిషా – బ్రతికి ఉన్నది

చివరి రెండు రూపాలను అరబ్బీ వ్యాకరణం కర్తృవాచకాలంటుంది. అంటే, పని చేసేవారిని తెలిపే మాటలు. మొదటి హల్లు తరువాత దీర్ఘమైన ‘ఆ’, రెండవ హల్లు తరువాత హ్రస్వమైన ‘ఇ’ రావడం ఈ రూపానికి గుర్తు. ధాతువు నడుమ ఉన్న ‘యా’ ఈ నిర్మాణంలో తన రూపం కోల్పోయి ‘హమ్జా’ అనే చిన్న విరామధ్వనిగా మారుతుంది. స్త్రీలింగాన్ని తెలిపే ‘తా మర్బూతా’ అనే అక్షరం చివర చేరుతుంది.

ఈ అచ్చు ఒకసారి తెలిస్తే ఇంకా ఎన్నో పేర్లు వాటంతట అవే విడివడతాయి. ‘తాహిరా’ అంటే పరిశుద్ధురాలు. ‘సాలిహా’ అంటే సద్వర్తన కలది. ‘ఖాలిదా’ అంటే శాశ్వతంగా నిలుచునది. ‘సాబిరా’ అంటే ఓర్పు కలది. ‘ఫాతిమా’ కూడా ఇదే అచ్చులో పోతపోసిన పేరు. బిడ్డను పాలు మాన్పించుటను తెలిపే ధాతువు నుండి అది వచ్చింది.

తెలుగులో ఇదే పనిని మనం ‘బ్రతికినది’, ‘ఓర్చునది’ వంటి మాటలతో చేస్తాము. క్రియకు ‘వాడు’, ‘అది’ అన్న అర్థాన్నిచ్చే ప్రత్యయాలు చేరుస్తాము. అరబ్బీ మాట లోపల అచ్చును మారుస్తుంది. తెలుగు మాట చివర ప్రత్యయాన్ని తగిలిస్తుంది. రెండు భాషల స్వభావాలలోని ముఖ్యమైన భేదం ఈ ఒక్క పేరులో కనబడుతుంది.

పేరు వెనుకనున్న కోరిక

పుట్టిన బిడ్డకు ‘బ్రతికి ఉన్నది’ అని పేరు పెట్టడం వర్ణన మాత్రమే కాదు. అది ఒక ప్రార్థన. పసిబిడ్డలు దక్కడమే గండంగా ఉన్న కాలాలలో తల్లిదండ్రులు పేరులోనే తమ ఆశను నిలిపేవారు. అరబ్బులు శుభసూచకంగా పేర్లు పెట్టే ఆచారాన్ని బస్రాలో పుట్టిన నిఘంటుకారుడు ఇబ్న్ దురైద్ (మరణం 933) అరబ్బీ నామాల వ్యుత్పత్తిపై వ్రాసిన గ్రంథంలో వివరించాడు.

ఈ కోరిక ఒక్క జాతికి చెందినది కాదు. గ్రీకు భాషలో ‘జోయీ’ అంటే జీవితం. హీబ్రూలో ‘హయ్యా’ అంటే సజీవురాలు. తుర్కీలో ‘యషార్’ అంటే బ్రతుకుతాడు. ‘దుర్సున్’ అంటే ‘నిలుచుగాక’ అని భావం. సంస్కృతం నుండి మనకు వచ్చిన ‘చిరంజీవి’, ‘సంజీవి’, ‘ఆయుష్మతి’ ఈ కోవలోనివే. శుభలేఖలలో వరుని పేరుకు ముందు ‘చి.’ అని వ్రాయడం నేటికీ మన ఇళ్లలో సాగుతూనే ఉంది.

తెలుగు పల్లెలలో ఇదే భయానికి మరొక విరుగుడు ఉండేది. పుట్టిన బిడ్డలు వరుసగా పోతున్నప్పుడు, తరువాతి బిడ్డను పెంటకుప్పపై ఒక్క క్షణం ఉంచి తిరిగి తీసుకొని ‘పెంటయ్య’ అనో ‘పెంటమ్మ’ అనో పిలిచేవారు. ఎంగిలి విస్తరాకును ‘పుల్లాకు’ అంటారు. ఆ ఆకులో ఉంచి తీసిన బిడ్డ ‘పుల్లయ్య’, ‘పుల్లమ్మ’ అయ్యేది. విలువలేని వస్తువుగా చూపితే మృత్యువు కన్ను పడదని నమ్మకం. అరబ్బు తండ్రి బిడ్డను ‘బ్రతికినది’ అని పిలిచి బ్రతికించుకోజూశాడు. తెలుగు తల్లి ‘పారవేసినది’ అని పిలిచి దాచుకోజూసింది. దారులు వేరైనా, దుఃఖం ఒక్కటే.

మలయా తోటలలో మన ముత్తవ్వల కాలానికి ఈ దుఃఖం ఎరుగని ఇల్లు అరుదు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో రబ్బరు తోటలలో మలేరియా విపరీతంగా ప్రబలింది. 1901లో క్లాంగ్‌లో వైద్యుడుగా పని ఆరంభించిన మాల్కం వాట్సన్ నీరు నిలువకుండ కాలువలు త్రవ్వించి దోమలను అరికట్టే పద్ధతిని అక్కడ అమలు చేశాడు. ఆ కాలపు కుటుంబ వృక్షాలలో ‘పుల్లమ్మ’, ‘పెంటమ్మ’ అన్న పేర్లు కనబడితే సిగ్గుపడి మార్చవలసిన పని లేదు. ఆ పేరు పెట్టిన తల్లి అంతకుముందు ఏమి కోల్పోయి ఉంటుందో ఒకసారి తలచుకోవాలి.

పేరును లోకానికి పరిచయం చేసిన వ్యక్తి

ఈ పేరు ఇంతగా వ్యాపించడానికి కారణం ఇస్లాం ప్రవక్త ముహమ్మద్ భార్య అయిన ఆయిషా. ఆమె మొదటి ఖలీఫా అబూ బక్ర్ కుమార్తె. ముస్లింలు ప్రవక్త భార్యలను ‘విశ్వాసుల తల్లులు’ అని గౌరవిస్తారు. ప్రవక్త మాటలను, నడవడిని తెలిపే హదీసులను అధిక సంఖ్యలో అందించినవారిలో ఆమె ఒకరు; సంప్రదాయ గణన ప్రకారం ఆమె పేరిట 2,210 హదీసులున్నాయి. ధర్మ విషయాలలోనే గాక కవిత్వంలోను, వంశచరిత్రలలోను ఆమెకు గల పరిజ్ఞానాన్ని ప్రాచీన రచయితలు ప్రశంసించారు. 656లో బస్రా సమీపాన అలీ పక్షానికి వ్యతిరేకంగా జరిగిన ‘ఒంటె యుద్ధం’లో ఆమె పాల్గొన్నారు. 678లో మదీనాలో మరణించగా అక్కడి బఖీ శ్మశానంలో ఖననం చేశారు.

ఆ యుద్ధపు జ్ఞాపకం పేర్ల వాడుకపై కూడా ప్రభావం చూపింది. సున్నీ సమాజాలలో ‘ఆయిషా’ అతి ప్రియమైన పేర్లలో ఒకటి; షియా సమాజాలలో అరుదు. సున్నీలు అధికంగా ఉన్న మలేషియాలో ఈ పేరు తరచుగా వినబడటానికి ఇది ఒక కారణం.

తరువాతి శతాబ్దాలలో ఈ పేరు గల విదుషీమణులు పలువురు ప్రసిద్ధికెక్కారు. డమాస్కస్‌కు చెందిన సూఫీ కవయిత్రి ఆయిషా అల్ బాఊనియ్యా (మరణం 1517), ఈజిప్టు కవయిత్రి ఆయిషా తైమూర్ (1840–1902), ‘బింత్ అష్షాతీ’ అన్న కలం పేరుతో ఖురాన్ సాహిత్య పరిశీలన చేసిన ఈజిప్టు పండితురాలు ఆయిషా అబ్దుర్రహ్మాన్ (1913–1998) వారిలో ముఖ్యులు.

దేశదేశాల రూపాలు

పేరు ఒక భాష నుండి మరొక భాషకు వెళ్లినప్పుడు ఆ భాష నోటికి తగినట్లు మారుతుంది. తుర్కీలో ఇది ‘ఐషె’ అయింది. ‘ఐషెగుల్’ అన్నది దీనికి గులాబీ అనే మాట చేర్చిన రూపం. ఉర్దూలో ‘ఆయిషా’ అనే నిలిచింది. తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ‘ఆయిషా’తో పాటు ‘ఆషా’ అన్న పొట్టి రూపం వాడుకలో ఉంది. పశ్చిమ ఆఫ్రికాలో అరబ్బీ చివరి ‘త’కారం దాగక పైకి వినబడుతుంది, అక్కడి హౌసా, ఫులానీ ప్రజలలో ‘ఆయిషాతు’, ‘ఐసాతు’ వంటి రూపాలు ఏర్పడ్డాయి. స్పెయిన్‌లో గ్రనడా చివరి ముస్లిం రాజు బొయాబ్దిల్ తల్లి ఈ పేరుతోనే ప్రసిద్ధురాలు. అక్కడి పాత లిపి పద్ధతిలో ‘ష’ ధ్వనికి ‘ఎక్స్’ అక్షరం వాడినందున ఆ పేరు ‘ఐక్సా’ అన్నట్లు కంటికి కనబడుతుంది. కజకస్తాన్‌లోని తరాజ్ నగరం సమీపాన ‘ఆయిషా బీబీ’ సమాధి మందిరం చెక్కడపు పెంకులతో ప్రసిద్ధమై ఉంది.

మలయ్ భాషలో ఈ పేరును రెండు విధాలుగా వ్రాస్తారు. ‘ష’ ధ్వనికి పాత పద్ధతిలో ‘ఎస్, హెచ్’ అక్షరాలు వాడేవారు. 1972 నాటి లిపి సంస్కరణ తరువాత ‘ఎస్, వై’ ప్రామాణికమైంది. కనుక రెండు విధాలుగా కనబడినా పేరు ఒక్కటే. చివరనుండే ‘హెచ్’ అరబ్బీ తా మర్బూతాకు గుర్తు. పల్లెల వాడుకలో ‘ఏసా’ అన్న కుదింపు కూడా వినబడుతుంది. పేరుకు ముందు తరచు చేరే ‘సితి’ అన్నది స్త్రీలకు గౌరవవాచకం. 1999 నుండి 2001 వరకు మలేషియా రాణిగా ఉన్న సెలంగోర్ రాజపత్ని పేరు సితి ఆయిషా. పేరు తరువాత వచ్చే ‘బింతి’ అంటే కుమార్తె. భారత సంతతి స్త్రీల పత్రాలలో దానికి బదులుగా ‘అనక్ పెరెంపువాన్’ అన్న మలయ్ మాటల సంక్షేపం కనబడుతుంది. దానికీ ‘కుమార్తె’ అనే అర్థం. ఆ రూపంలో తండ్రి పేరుకు చోటుంది గాని మన ఇంటిపేరుకు ప్రత్యేకమైన చోటు లేదు.

తెలుగులో ఈ ధాతువు చుట్టాలు

‘ఆయిషా’కు రక్తసంబంధం గల మాటలు తెలుగులో కొన్ని ఉన్నాయి. అవి పారశీకం, ఉర్దూ భాషల మీదుగా మనలను చేరాయి.

మొదటిది ‘ఐష్’. అరబ్బీలో ‘బ్రతుకు’ అని మాత్రమే అర్థమున్న ఈ మాట ఉర్దూలో ‘సుఖభోగాలతో కూడిన బ్రతుకు’ అన్న అర్థాన్ని సంతరించుకొంది. హైదరాబాదు తెలుగులో ‘ఐష్ చేస్తున్నాడు’ అంటే విలాసంగా కాలం గడుపుతున్నాడని.

రెండవది ‘మాష్’. మొగలాయీ పాలనలో పండితులకు, ధార్మికులకు జీవనాధారంగా ఇచ్చిన పన్నులేని భూములను ‘మదద్ మాష్’ అనేవారు. ‘బ్రతుకుతెరువుకు సాయం’ అని ఆ మాటకు అర్థం. నిజాం రాజ్యంలోని ఇనాం భూముల వ్యవహారాలలోను ఈ పదం నిలిచింది. ఈజిప్టులో నేటికీ ‘మఆష్’ అంటే పింఛను.

మూడవది చాలమంది ఊహించనిది: ‘బద్మాష్’. పారశీకంలో ‘బద్’ అంటే చెడ్డ. ‘మాష్’ అంటే బ్రతుకుతెరువు. చెడ్డదారిన పొట్ట పోసుకొనేవాడు ‘బద్మాష్’. తిట్టుగా వాడే ఆ మాటకు, కన్నబిడ్డకు ముద్దుగా పెట్టే ఈ పేరుకు తాత ఒక్కడే.

అరబ్బు దేశాల వాడుకలో ఈ ధాతువు అన్నం దాకా వచ్చింది. ఈజిప్టులో ‘ఏష్’ అంటే రొట్టె. గల్ఫ్ దేశాలలో అదే మాటకు అర్థం వరి అన్నం. ఏది తిని ప్రజలు బ్రతుకుతారో దానినే వారు ‘బ్రతుకు’ అన్నారు. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల నుండి గల్ఫ్‌కు పనికై వెళ్లిన తెలుగువారు అక్కడి వంటశాలలలో వినే ‘ఏష్’, ఆయిషా పేరులోనిదే.

చుట్టరికం లేని పోలికలు

తెలుగును మరల నేర్చుకొంటున్నవారు ఇక్కడ జాగ్రత్త వహించాలి. ‘ఆయిషా’ అనగానే ‘ఆయుష్షు’ స్ఫురిస్తుంది. ధ్వని దగ్గరగా ఉంది. అర్థం కూడా దగ్గరగా ఉంది. ‘ఆయుష్మతి’, ‘ఆయిషా’ ఒకే మూలం నుండి పుట్టాయని కొందరు చెబుతారు. అది సరి కాదు.

‘ఆయుస్’ సంస్కృత పదం. ఇండో యూరోపియన్ కుటుంబానికి చెందినది. దాని చుట్టాలు లాటిన్‌లో ‘యుగం’ అనే అర్థమిచ్చే ‘ఐవుమ్’, గ్రీకులో ‘ఐయోన్’. ఆ పదంలో ‘స’కారం ప్రత్యయంలోనిది, అందుకే అది ‘ఆయువు’ అన్న రూపంలో మాయమవుతుంది. సంధిలో ‘ఆయుర్వేదం’ అన్నప్పుడు రేఫగా, ‘ఆయుష్మతి’ అన్నప్పుడు ‘ష’కారంగా మారుతుంది. అరబ్బీ సెమిటిక్ కుటుంబానికి చెందిన భాష. అక్కడ ‘షీన్’ ధాతువులో విడదీయరాని భాగం. అది తొలగితే మాటే లేదు. అలాగే అరబ్బీ మాట ‘అయిన్’ అనే హల్లుతో ఆరంభమవుతుంది, సంస్కృత పదం అచ్చుతో ఆరంభమవుతుంది. ఇలా ఎముకల గూడు వేరైనప్పుడు ముఖంలోని పోలిక యాదృచ్ఛికమే.

మరొక ఉదాహరణ ‘ఆశ’. స్వాహిలీలో ‘ఆషా’ అన్న పేరు ‘ఆయిషా’కు పొట్టి రూపం. మన ‘ఆశ’ సంస్కృతంలో కోరికను తెలిపే పదం. ఒకే తరగతిలో తూర్పు ఆఫ్రికా ముస్లిం బాలిక, తెలుగు బాలిక ఇద్దరూ ఒకే పేరుతో పిలువబడవచ్చు. పేర్లు మాత్రం రెండు. తుర్కీలోను ఇటువంటి భ్రమ ఉంది. ఆ భాషలో ‘ఐ’ అంటే చంద్రుడు కనుక ‘ఐషె’లో చంద్రుడున్నాడని తోస్తుంది, అదీ నిజం కాదు.

ఈ భేదం తెలుసుకోవడం ఎందుకు? అన్ని పేర్లూ మన భాష నుండే పుట్టాయని చెప్పుకొంటే మనకు గొప్పతనం రాదు. పొరుగువారి పేరుకు వారి భాషలో ఉన్న అర్థాన్ని గుర్తిస్తేనే, మన పేరుకు మన భాషలో ఉన్న అర్థాన్ని గుర్తించమని మనం అడుగగలం.

తెలుగులో ఎలా వ్రాయాలి?

తెలుగు పత్రికలలో ‘ఆయిషా’, ‘ఆయేషా’, ‘ఐషా’ అన్న మూడు రూపాలు కనబడతాయి. అరబ్బీ ఉచ్చారణకు దగ్గరైనది ‘ఆయిషా’: మొదట దీర్ఘం, నడుమ హ్రస్వమైన ‘ఇ’, చివర ‘షా’. ‘ఆయేషా’ ఆంగ్ల వర్ణక్రమాన్ని అనుసరించి వచ్చిన రూపం. ‘ఐషా’ వేగంగా పలికినప్పుడు ఏర్పడేది. వ్రాతలో ‘ఆయిషా’ను పాటించడం మేలు. అయితే ఒక వ్యక్తి తన పేరును మరొక విధంగా వ్రాసుకొంటే ఆమె వ్రాతనే అనుసరించాలి.

‘శ’ వ్రాయాలా, ‘ష’ వ్రాయాలా అన్న సందేహమూ కలుగుతుంది. అరబ్బీ షీన్ తెలుగు ‘శ’, ‘ష’లలో దేనికీ పూర్తిగా సమానం కాదు. ఉర్దూ ద్వారా వచ్చిన ‘షాదీ’, ‘పాదుషా’, ‘షేక్’ వంటి మాటలలో ‘ష’ స్థిరపడింది కనుక ఇక్కడా ‘ష’ వ్రాయడమే వాడుక. తెలుగునాట ముస్లిం స్త్రీల పేర్లలో ‘ఆయిషా బేగం’, ‘ఆయిషా సుల్తానా’, ‘ఆయిషా బీ’ అన్న జంటలు పరిపాటి.

కథలలో, రాచయిండ్లలో

బంకించంద్ర ఛటర్జీ 1865లో ప్రకటించిన బెంగాలీ నవల ‘దుర్గేశనందిని’లో కత్లూఖాన్ కుమార్తె ఆయేషా ఒక ప్రధాన పాత్ర. ఆంగ్లంలో రైడర్ హాగర్డ్ 1887లో పుస్తకంగా తెచ్చిన ‘షీ’ నవలలో ఆఫ్రికా లోపల వేల ఏండ్లుగా మరణమెరుగక బ్రతికి ఉన్న రాణి పేరు ఆయేషా. పేరులోని అర్థం ఆ పాత్రకు అతికినట్లు సరిపోయింది. జైపూరు రాజమాత గాయత్రీదేవిని (1919–2009) ఆప్తులు ‘ఆయేషా’ అని పిలిచేవారు. తాను కడుపులో ఉన్నప్పుడు తల్లి ఆ నవల చదువుతుండటమే దానికి కారణమని ఆమె తన ఆత్మకథలో తెలిపారు. అరబ్బీ పేరు, ఆంగ్ల నవల, హిందూ రాచకుటుంబం – పేర్లు ఎంత దూరం, ఎన్ని దారుల వెంట ప్రయాణిస్తాయో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ముగింపు

‘ఆయిషా’ అన్న పేరును తెలుగులోకి మారిస్తే ‘బ్రతికినమ్మ’ అనవలసి ఉంటుంది. మన కుటుంబ పత్రాలలో, తోటల రిజిస్టర్లలో వర్ణక్రమం చెడి, అర్థం మరుగై మిగిలిన పేర్లు ఎన్నో ఉన్నాయి. వాటిని చదివేటప్పుడు ఇక్కడ చూపిన క్రమాన్నే పాటించవచ్చు: మొదట ఆ మాట ఏ భాషదో తెలుసుకోవాలి, తరువాత దాని ధాతువును, ప్రత్యయాన్ని విడదీయాలి, ధ్వని పోలికను మాత్రమే నమ్మి చుట్టరికం కలుపరాదు, చివరగా ఆ పేరు పెట్టినవారి కోరిక ఏమై ఉంటుందో ఆలోచించాలి. ఇంట్లో పెద్దవారు ఇంకా ఉన్నట్లయితే, వారి పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో నేడే అడిగి వ్రాసి ఉంచుకోవాలి. పేరు పత్రంలో నిలుస్తుంది. పేరు వెనుకనున్న కథ మాత్రం చెప్పేవారు ఉన్నంతవరకే బ్రతికి ఉంటుంది.